సరుకు కంటే ముందొచ్చిన కూలీలు

బాబాయి ముప్ఫై ఏళ్లుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. షాపులో యజమానితో సహా అందరికీ ఆయన బాబాయే. ఆయనకు షుగరుంది, ఇన్సులిన్ వేసుకుని తింటాడు. అలా తిన్న గంటకే, ఒకే నెలలో రెండుసార్లు, మిషన్ పక్కన కళ్లు తిరిగి కూలబడ్డాడు. రెండోసారి చొక్కా చెయ్యి తిరిగే ఇనుముకు జానెడు దూరంలో ఆగింది.

"ఇంకోసారి పడ్డావంటే స్టోర్స్‌లో కూర్చుని బోల్టులు ఏరుకుందువుగాని బాబాయ్," అన్నాడు యజమాని.

వేలితో తడిమి వెంట్రుకవాసి తేడా చెప్పే మనిషికి అంతకు మించిన శిక్ష లేదు.

పిన్ని అప్పటికే తీర్పు చెప్పేసింది. "డబ్బా ఎవరికో పెట్టేసి, తిన్నానని నాకు కోతలు కోస్తున్నారు."

బలానికని పచ్చి కూరముక్కలు కూడా డబ్బాలో కుక్కింది. పచ్చివి ఒంటికి మంచివట. ఎవరి ఒంటికి అని అడిగే అలవాటు మనకు లేదు. బాబాయి అన్నీ తిన్నాడు. పొద్దుటి ముక్కలు సాయంత్రం త్రేన్పుల్లో పలకరించేవి.

చివరికి ఆస్పత్రికి వెళ్తే, డాక్టరమ్మ ఆయనకు గుడ్డూ రొట్టే తినిపించి, గంటగంటకూ పొట్టను స్కాన్ తీయించింది. నాలుగు గంటలు గడిచినా మూడో వంతు తిండి పొట్టలోనే ఉండిపోయింది.

"పొట్టంటే ఉత్త సంచి కాదండీ, కండరం. నిమిషానికి మూడుసార్లు అలలా ముడుచుకుంటూ తిండిని కిందికి నెడుతుంది. అడుగున ద్వారం కొంచెమే తెరుచుకుంటుంది. మెత్తగా నలిగింది దాటుతుంది, పెద్ద ముక్క వెనక్కొచ్చి మళ్లీ నలుగుతుంది. దాన్ని నడిపే నరం షుగర్ వల్ల దెబ్బతింది మీకు."

"మోటారు బానే ఉంది, వైరు పోయిందంటారు."

"ఇంచుమించు అంతే."

"మరి ఇన్సులిను?"

"అది టైముకే వస్తుంది. తిండే పొట్ట దాటి రాదు. దాంతో ఒంట్లో ఉన్న షుగరే పడిపోయి కళ్లు తిరుగుతాయి."

బాబాయి గడ్డం గోక్కున్నాడు. "సరుకు దిగకముందే కూలీలు దిగారన్నమాట. ఊరికే కూర్చోలేక ఇంట్లో సామాను మోసుకుపోతున్నారు."

డాక్టరమ్మ ఇన్సులిన్ మోతాదు, వేళ మార్చింది. పచ్చి ముక్కలు మాన్పించి, మెత్తటి తిండి కొంచెం కొంచెంగా ఐదుసార్లు తినమంది.

"నిజంగానే తిన్నానని తేలిందిగా," అన్నాడు బాబాయి ఇంటికి రాగానే.

"తిన్నారు సరే, ఏనాడైనా నమిలారా?" అంటూ పిన్ని మిక్సీ తీసింది.

మూడు నెలలు బాబాయి పడలేదు. ఒకరోజు పదకొండింటికి మిషన్ ఆపి గ్లాసులోంచి తాగుతుంటే యజమాని తొంగిచూశాడు.

"ఏంటి బాబాయ్, పసిపిల్లల తిండి?"

"నూరే పని బయట జాబ్ వర్కుకిచ్చేశా. ఇంట్లోనే, మీ పిన్నికి."

ఆయన మూతి తుడుచుకుని మిషన్ ఆన్ చేశాడు. స్టోర్స్‌కు యజమాని వేరే మనిషిని చూసుకున్నాడు.