వెండి బిళ్లకు బొట్టు

ఈ ఉదయం నా పాత కంప్యూటర్ లేస్తూనే అబద్ధం చెప్పింది. నల్లటి తెర మీద ప్రాసెసర్ వేగం పదహారు వందలని చూపాల్సింది పన్నెండు వందలే చూపించింది. కిషన్‌బాగ్‌లో అబద్ధాలకు పేరుమోసినవాణ్ణి నేను; మూసీలో మీసాల మొసలిని చూశానని ఒట్టు పెట్టి మరీ చెప్పినవాణ్ణి. నా ఇంట్లో ఇంకొకరు అబద్ధమాడితే కోపం రావాలి. రాలేదు. ఆశ పుట్టింది. ఎందుకో చెబుతాను.

పెళ్లి పత్రికలు టైపు చేసి బతుకుదామని ఈ పెట్టెను సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఏడాది, దసరాకు మా అక్క దీన్నీ పూజలో కూర్చోబెట్టింది. పాలమ్మే అక్కకు పాలక్యాన్లూ, కొలిచే లోటా, నా కంప్యూటరూ ఒకటే వరుస. పైన బొట్టు పెడితే చాలదట. "పనిజేసేది లోపలున్నది గదా తమ్మీ, మూత తియ్యి" అంది. తీశాను. లోపల రూపాయి బిళ్లంత గుండ్రటి బ్యాటరీ సెల్ ఒకటి వెండిలా మెరుస్తోంది. "గిదే దీని దేవుడు" అని తేల్చి, తడి పసుపు రాసి, కుంకుమ దిద్ది దండం పెట్టింది. మర్నాటికి వేగం పన్నెండు వందలకు పడిపోయింది. ధూల్‌పేట్ పతంగులోళ్లు గాజుపొడి మాంజా దారంతో నా వేగాన్ని కోసుకుపోయారని గల్లీ అంతా చెప్పుకుని తిరిగాను. రిపేరు భాయ్ మూత తీసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరె భాయ్, ప్రాసెసర్‌కు ఏం గాలే. సెల్ తడిసి ఖతమైంది. గది పోతే సెట్టింగులు, తారీఖు, అన్నీ మర్చిపోతది. భయం భయంగ మెల్లగ నడుస్తది." అక్క ఏమాత్రం సిగ్గుపడలేదు. "నువ్వేమో పెంచి చెప్తవ్, గిదేమో తగ్గించి చెప్తది. మంచిగ కుదిరిండ్రు ఇద్దరు" అంది.

కొత్త సెల్ వేయించాక కూడా ఆమె ప్రతి దసరాకూ దానికి బొట్టు పెట్టింది. అటు తిరగ్గానే నేను రుమాలుతో తుడిచేవాణ్ణి. పోయిన దసరాకూ తుడిచాను. అదే ఆఖరిదని నాకెవరు చెప్పారు? చలికాలం దాటకుండానే అక్క పోయింది. నా కోతలు విని "చాలు తియ్" అనే మనిషి పోయాక, కోతలు కూడా రుచి తప్పాయి.

అందుకే ఈ ఉదయం, ఎక్కడో అక్క కుంకుమ మరక ఒక్కటి మిగిలుండాలని వేడుకుంటూ మూత తీశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. సెల్ వయసు తీరి పోయింది, అంతే. గడియారాల దుకాణం నుంచి కొత్తది తెచ్చి వేసి, వేగం సరిచేశాను. ఇప్పుడు తారీఖూ, టైమూ చెప్పమంది. నా అబద్ధం పట్టుకునేవాళ్లెవరూ లేరు కదా అని, పోయిన దసరా తారీఖు కొట్టి, అక్క బొట్టు పెట్టిన వేళ పెట్టాను. చాయ్ కాచుకుని వచ్చేసరికి గడియారం పది నిమిషాలు ముందుకు పోయింది. ఆ రోజు నేను రుమాలు తీసిన వేళ అది. మీసాల మొసలిని ఇరవై ఏళ్లు బతికించినవాణ్ణి, ఒక్క ఉదయాన్ని పది నిమిషాలు నిలబెట్టలేకపోయాను.