కదలని ముల్లు

పనిచోట ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ టకటక. ఇరవై ఆరేళ్ళుగా ఇనుప కడ్డీతో రాతిని తట్టి, చప్పుడు వినడమే ఆయన ఉద్యోగం. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి ఖాళీ డబ్బాలా మోగుతుంది. రోజూ అందరికంటే ముందు దిగి, పైకప్పు తట్టి చూసి, గది గుమ్మం పక్కన సుద్దతో ఆ రోజు తేదీ వేస్తాడు. తేదీ వెయ్యని గదిలో ఎవరూ అడుగు పెట్టరు.

నేలకు నాలుగు వందల మీటర్ల కింద ఉన్న ఆ సొరంగంలో అణువ్యర్థాలు ఇంకా లేవు. వేల ఏళ్ళపాటు వాటిని దాచడానికి ఆ రాయి పనికొస్తుందో లేదో తేల్చడమే అక్కడి పని. వ్యర్థాల వేడికి బదులుగా మూడో గదిలో హీటర్లు పెట్టి, రాయి ఎంత కదులుతుందో మీటర్లతో కొలుస్తున్నారు. ఆ హీటర్లు చూసుకునేది టకటక బామ్మర్ది. తల్లి పోయాక అక్కాబావల దగ్గరే పెరిగినవాడు.

ఆ ఉదయం మూడో గది పైకప్పు డబ్బాలా మోగింది. టకటక తేదీ వెయ్యలేదు.

"ఏం బావా, సుద్ద అయిపోయిందా?" అన్నాడు బామ్మర్ది.

"ఇవాళ లోపలికెళ్ళకు."

"మీటరు ముల్లు పదిహేను రోజులుగా కదల్లేదు. నువ్వేమో ఇలా తట్టుకుంటూ పోతే రేపు మా అక్క తల కూడా తట్టేట్టున్నావు."

"మీ అక్క తల ఖంగుమంటుందిలే. దాని గురించి నాకు దిగుల్లేదు," అన్నాడు టకటక. ఆయన మొహంలో మాత్రం నవ్వు లేదు.

అంతలో ఆ ప్రయోగం నడిపించే ఇంజినీరమ్మ వచ్చింది. "ఇవాళ వేడి పెంచకపోతే నాలుగు నెలల ప్రయోగం పాడవుతుంది. అయినా మీ ఎడమ చెవికి వినికిడి బాగా తగ్గిందని డాక్టరు రాశారు కదండీ," అంది మెల్లగా.

అది నిజమే. టకటకకు తన మీద తనకే అనుమానం వచ్చింది. కుడి చెవి పైకి తిప్పి మళ్ళీ తట్టాడు. అదే బోలు చప్పుడు.

"అమ్మా, పైకప్పులోకి దిగ్గొట్టిన మీటరు కడ్డీ కొస ఎంత లోతులో రాయిని పట్టుకుని ఉంది?"

"మూడు మీటర్లు."

"రాయి అంతకంటే పైన విడిపోతే? కడ్డీ, మీటరు, రాయి కలిసి ఒకేసారి దిగుతాయి కదా. బస్సులో కూర్చున్నవాడికి సీటు కదిలినట్టు తెలుస్తుందా?"

ఆమె వెంటనే హీటర్లు ఆపించింది. గదిలోకి వెళ్ళకుండా, గుమ్మం దగ్గర నుంచే పైకి వాలుగా రంధ్రం వేయించి, అందులోకి సన్నటి కెమెరా పంపించింది. నాలుగున్నర మీటర్ల దాకా తెరమీద రాయి బూడిదరంగులో కనిపించింది. ఆ పైన వేలెడు వెడల్పున నల్లటి సందు.

వేడి పెంచడానికి బామ్మర్ది ఈపాటికి ఆ సందు కింద నిలబడి ఉండవలసింది.

"ఇది ఎటు పోతోందమ్మా?" అని అడిగాడు టకటక.

ఆమె కెమెరాను నెమ్మదిగా తిప్పింది. సందు గదివైపు కొద్ది దూరమే ఉంది. రెండో వైపు అది సాగుతూనే ఉంది, వాళ్ళు నిలబడ్డ దారి మీదుగా, పైకి తీసుకెళ్ళే లిఫ్టు వైపు.

ఎవరూ తలెత్తి చూడలేదు. టకటక బామ్మర్ది మోచెయ్యి పట్టుకున్నాడు.

"గోడవారగా నడు. తొందరపడకు."

లిఫ్టు ఇంకా నూట ఎనభై అడుగుల దూరంలో ఉంది.