ఎనక్కి తిప్పీ నాయినా

మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికని జూబ్లీ హిల్స్ వెళ్ళాను. మోతీనగర్ నుంచి ఆటోలో పోతానంటే వినకుండా మా అల్లుడు కారూ డ్రైవరునూ పంపించాడు. ఆ బిల్డింగు కింద రెండంతస్తుల పార్కింగు. మా ముందు కారు నిండిపోయిన వరసలోకి తిరగబోయిందో లేదో, స్తంభానికి బిగించిన చిన్న డబ్బాలోంచి ఓ తల్లి గొంతు పలికింది. "నాయినా, ఇంక సాల్రా, ఎనక్కి తిప్పీ." ముందు కారతను నవ్వుకుంటూ తిప్పేశాడు. మా డ్రైవరూ నవ్వి, గీ అమ్మ గొంతు మస్తు ఫేమస్ మేడమ్, పోరగాళ్ళు గీడికొచ్చి వీడియోలు తీస్కుంటరు అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గొంతు నాది.

మన ఈడు వాళ్ళకి నా పేరు తెలియదు గానీ నా గొంతు తెలుసు. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో ముప్ఫై ఏళ్ళకి పైగా అమ్మలకి గొంతిచ్చాను, కొడుకు తలుపు తీయగానే "వచ్చావా బాబూ" అని ఏడ్చే అమ్మలు చాలామంది నేనే. అయితే ఆ అమ్మలెవరూ మా అమ్మలా మాట్లాడలేదు లెండి. మాది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పల్లె, కొత్తలో ఓసారి మైకు ముందు నోరుజారి 'ఎల్లిపోనాడు' అనేసరికి రీలు ఆపించి మరీ నవ్వారు, ఆ యాస పనిమనిషికో కమెడియన్‌కో పనికొస్తుంది గానీ హీరో తల్లికి పనికిరాదని చెప్పారు. కడుపు నిండాలి కదా, మా అమ్మ మాటని పట్టుచీరలా మడిచి పెట్టె అడుగున పడేశాను.

ఆ మాట మళ్ళీ బయటికొచ్చింది మా తమ్ముడి కోసం. తమ్ముడంటే మా పిన్ని కొడుకు, నా చంకన పెరిగినవాడు. మా తీరంలో చేపలు తగ్గిపోయాక మా వైపు మగాళ్ళంతా దేశానికి అటు చివర పడమటి రేవులకి పోయి, అక్కడి షావుకార్ల బోట్ల మీద నెలల తరబడి కూలికి వేట చేయడం మొదలుపెట్టారు. ఆ సముద్రంలో పొరుగు దేశంతో ఒక గీత ఉంది, నీళ్ళ మీద గీత కంటికి కనిపించదు కదా! చేపల వెంటబడి అది దాటారంటే బోటూ మనుషులూ పరాయి జైల్లో పడతారు. మా పిన్నికి వాడొక్కడే, అందుకని వాడు అటు వెళ్ళిన ప్రతిసారీ దాని ప్రాణం నీళ్ళమీదే ఉండేది.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. మా సౌండ్ ఇంజనీరు గారమ్మాయి ఇక్కడే ఒక యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతూ విచిత్రమైన కోర్సులో చేరింది. దేశభద్రత చూసే శాఖల వాళ్ళు తమకి కొరుకుడు పడని చిక్కుల్ని పిల్లలకిస్తారట, నలుగురేసి జట్లు కట్టి ఒక సెమిస్టరులో దారి కనిపెట్టాలట. ఈ పిల్ల జట్టుకి వచ్చిన చిక్కు ఆ గీత దాటే బోట్లదే. దారి తప్పిన మనవాళ్ళెవరో, కీడు చేయడానికి వచ్చే బోటేదో చీకట్లో తెలియక కాపలా వాళ్ళు నలిగిపోతున్నారు, మనవాళ్ళు దాటకుండా చూస్తే సగం బరువు తగ్గుతుంది. పడవ ఎక్కడుందో చూసుకుని గీత దగ్గరపడగానే సైరన్ మోగించే డబ్బా చేద్దామనుకున్నారు పాపం. అయితే ఆ కోర్సులో ఒక మంచి నియమం ఉండేది, ఏదైనా చేసేముందు ఆ కష్టం పడేవాళ్ళతో కూర్చుని మాట్లాడి రావాలి. ఆ మాటల కోసమే వాళ్ళ నాన్నగారు పిల్లల్ని నా దగ్గరికి పంపారు, నేను మా తమ్ముడికి ఫోను కలిపాను.

వాడు పడీ పడీ నవ్వాడు. అలాంటి సైరన్ పెట్టెలు ఇదివరకే వచ్చాయట, చేపలు పడే వేళ ఆ కూత ఎవడు భరిస్తాడు, గోనెసంచి చుట్టి మూల పడేశామన్నాడు. పిల్లలు డీలా పడిపోయారు. అప్పుడా అమ్మాయే నా వంక చూసి, సైరన్ నోరు మూయిస్తారు గానీ అమ్మ నోరు మూయించలేరు కదా ఆంటీ అంది. మర్నాడే వాళ్ళ నాన్నగారి థియేటర్లో మైకు ముందు నిలబడి, ముందు అలవాటుగా సినిమా అమ్మలాగే చెప్పాను. అది ఫోన్లో విని మా తమ్ముడు, టీవీలో ఏడ్చే ఆవిడ మాట మా సరంగు వినడప్పా అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు, బోటు నడిపేవాణ్ణి సరంగు అంటారు. సరే అని కళ్ళు మూసుకుని మా అమ్మ గుమ్మంలో నిలబడి పిలిచినట్టు పిలిచాను: "నాయినా, ఇంక సాల్రా, ఎనక్కి తిప్పీ, ఇంటికొచ్చీ." గాజు అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు గారు ఇదే ఓకే అని చెయ్యెత్తారు.

తయారైన ఒక్క డబ్బానీ పిల్లలు రైలెక్కించి తీసుకెళ్ళి మా తమ్ముడి బోటుకే బిగించి వచ్చారు. మొదటి వేట నుంచి రాగానే వాడు ఫోన్ చేశాడు. గీత దగ్గర నా గొంతు వినిపించగానే, చేపలు చూస్తే మనిషి కానివాడు, ఆ సరంగు, గొణుక్కుంటూ బోటు తిప్పేశాడట. ఎన్ని వందల సినిమాల్లో అమ్మనయ్యానో, నా పిలుపు విని ఒకడు నిజంగా వెనక్కి రావడం అదే మొదటిసారి. ఆ వేళ నేను పాయసం వండుకున్నాను.

సెమిస్టరు చివరికొచ్చింది. చివరి రోజున శాఖల పెద్దల ముందు స్టేజీ మీద పనిచేసే వస్తువు చూపించాలి, లేకపోతే మార్కులు లేవు. ఉన్నది ఒక్కటే డబ్బా, అది సముద్రం మీద ఉంది. ఒక్క వారం ఆంటీ, చూపించేసి మళ్ళీ బిగించేస్తాం అని, బోటు రేవుకి రాగానే విప్పి తెచ్చారు. స్టేజీ మీద తెర వెలిగి, బొమ్మ పడవ గీత దగ్గరికి రావడం, నా గొంతు పలకడం, హాలంతా లేచి చప్పట్లు. సౌండ్ ఇంజనీరు గారు మన సినిమా ఆనవాయితీ ప్రకారం గుమ్మడికాయ తెప్పించి కూతురి చేత కొట్టించారు.

గుమ్మడికాయ కొట్టారంటే ఏమిటో మనకి తెలుసు కదండీ. షూటింగు అయిపోయింది, సెట్టు పీకేస్తారు, ఎవరి దారి వాళ్ళది. ఆ పిల్లలదీ అంతే అయింది. ఒకడు బెంగుళూరు పోయాడు, ఇద్దరు పై చదువులన్నారు, మెచ్చుకున్న ఆఫీసరుకి బదిలీ అయింది, కొత్తాయన దీనికి అనుమతులు కావాలన్నాడు. డబ్బా యూనివర్సిటీ సొత్తట, అల్మరాలో పెట్టి తాళం వేశారు. ఆ అమ్మాయి మాత్రం తిరిగిన గడప తిరగకుండా తిరిగింది, నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వేటకి మళ్ళీ బయల్దేరుతూ మా తమ్ముడు రేవులోంచి ఫోన్ చేసి, నీ గొంతు డబ్బా ఎప్పుడొస్తాదప్పా అని అడిగాడు. వచ్చేస్తుందిరా అన్నాను, నిజంగా వస్తుందనే అనుకున్నాను.

ఆ వేటలోనే దాటేశారు. పట్టుకుపోయారు. రెండేళ్ళు గడిచాక బోటు వాళ్ళంతా తిరిగొచ్చారు గానీ మా వాడు రాలేదు. జైల్లో జ్వరం తగిలిందట, అంతే తెలిసింది. నేను వెళ్ళేసరికి మా పిన్ని గోడకి చేరబడి ఉంది. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "నువ్వు పిలిస్తే ఒకపాలి వచ్చీసినాడు కదమ్మా, మల్లీ పిలవలేకపోనావా?" అంది.

ఇప్పటికీ పిన్ని ఫోన్ చేస్తుంది, నేను సినిమా అమ్మల భాషలో బాగున్నావా అని అడుగుతాను. మా అమ్మ మాట పిన్ని దగ్గర నా నోటికి రావడం లేదు.

పార్కింగు నుంచి ఇంటికి రాగానే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పార్కింగులో నా గొంతు విన్నానని చెప్పాను. అప్పుడు చెప్పింది, ఎక్కని ఆఫీసు మెట్లు లేవట, సముద్రానికి ఎవరూ తీసుకోలేదు, పార్కింగు చూసే కంపెనీ వాళ్ళు కార్లకి తీసుకున్నారు. చెప్పడానికి మొహం చెల్లక చెప్పలేదు ఆంటీ అంది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు, దాని కష్టం నేను చూశాను. ఒక్కటే అడిగాను, చివర్లో 'ఇంటికొచ్చీ' అని ఉండాలి కదమ్మా, అదేమైందని. పార్కింగులో ఆ మాటతో పనిలేదన్నారు, అందుకని కోసేశామంది.

మన రోజుల్లో రీలు కోస్తే ఆ ముక్క ఎడిటింగు గదిలో నేల మీదైనా పడి ఉండేది, కావాలంటే ఏరుకునేవాళ్ళం. ఇప్పుడు కోసింది ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. మళ్ళీ నెల కళ్ళకి చూపించుకోవడానికి రమ్మన్నారు. నేను వెళ్తాను, ఆ డబ్బా పిలుస్తుంది, కార్లన్నీ బుద్ధిగా వెనక్కి తిరుగుతాయి.