చీకటి గదిలో ఎలుకల మావయ్య

ఆ పరిశోధనశాలలో అందరూ ఆయన్ని ఎలుకల మావయ్య అంటారు. ఆ పిలుపుకి ఆయనకేం బాధ లేదు. "పేరుతో పనేముంది, అవి నన్ను వాసన పట్టే గుర్తుపడతాయి" అంటాడు. కుర్రతనంలో చేరిన కొత్తలో ఎలుక కనబడితే కుర్చీ ఎక్కేవాడట! ఇప్పుడు వాటిలో ఒకటి మందగించి మూల కూర్చుంటే ఆ పూట ఈయనకి ముద్ద దిగదు. పెట్టెలు కడగడం, పొట్టు మార్చడం, నీళ్ల సీసాలు నింపడం ఆయన పని. జుట్టంతా ఆ పనిలోనే నెరిసింది.

అక్కడి గదుల్లో ఒకదానికి రాత్రీ పగలూ తలకిందులు. బయట మిట్టమధ్యాహ్నమైతే లోపల నడిరాత్రి. కణితులున్న ఎలుకలు అక్కడ ఉంటాయి. చీకట్లో మెదడులో ఊరే మెలటోనిన్ అనే హార్మోను క్యాన్సర్‌కి కళ్లెం వేస్తుందేమోనని పెద్ద మేడమ్ పరీక్షిస్తోంది. "వెలుగు పడిందా, ఆ ఊట ఆగిపోతుంది. ఇన్ని నెలల కష్టం బూడిదే మావయ్యా!" అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో! పగటిపూట లోపల చిన్న ఎర్ర బల్బు ఒక్కటే వెలుగుతుంది. ఆ ఎరుపు ఎలుకల కళ్లకి ఆనదు.

ఖర్మ చూడండి, ఆయన భార్యకి కూడా రొమ్ములో కణితే. ఆపరేషన్ అంటే ససేమిరా అంది.

"కోయించుకుని చచ్చేకన్నా ఇలాగే చస్తాను, పోండి" అని గోడవైపు తిరిగి పడుకుంది.

బతిమాలాడు, తిట్టాడు, ఏడ్చాడు. ఆఖరికి నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు. "మా ఎలుకలకి కణితులు కరిగిపోతున్నాయే! నువ్వు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చేసరికి ఆ మందు వచ్చేస్తుంది. మిగిలిన పీడేదైనా ఉంటే అదే చూసుకుంటుంది."

నిజానికి కొన్ని ఎలుకల్లో కణితి నెమ్మదించింది, కొన్నింటిలో లేదు. మనుషులకి పనికొస్తుందో రాదో మేడమ్‌కే తెలీదు. అది ఆయనకీ తెలుసు. కానీ భార్య లేచి కూర్చుంది! ఇక ఆ బొంకులోంచి బయటపడే దారేది?

ఆపరేషన్ రోజున ఆయన బదులు పని చూడాల్సిన మనిషి రాలేదు. ఆసుపత్రిలో భార్యని మరదలికి అప్పగించి, "ఎలుకలకి నీళ్లు పోసి ఇట్టే వచ్చేస్తా" అన్నాడు.

"మీ మొహం చూశాకే లోపలికి వెళతాను. లాక్కెళ్లినా వెళ్లను, చెప్పానంతే" అంది ఆవిడ.

చీకటి గదిలో సీసాలు నింపి తలుపు లాగేసరికి పిడి ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని బాగుచేయించమని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాడు, వినే నాథుడేడీ! వేళ్లు దూర్చి తిప్పాడు, భుజంతో నెట్టాడు, అరిచాడు. వెలుగు చొరబడకుండా ఒకదాని వెనక ఒకటి కట్టిన రెండు తలుపులు దాటి కేక బయటికి పోలేదు. ఫోను లోపలికి తేకూడదని బయట అరలో పెట్టి వచ్చాడు. సాయంత్రం డ్యూటీవాడు వచ్చేదాకా ఇటు తొంగిచూసేవాళ్లెవరూ లేరు.

తలుపు పక్కన అత్యవసరానికి ఒక మీట ఉంది. అది నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. దాంతోపాటే గదిలో లైట్లన్నీ భగ్గుమంటాయి.

మీట మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. వేళ దాటితే డాక్టరు ఇంకొకరిని తీసుకుంటాడు. మళ్లీ తారీకు ఎప్పుడిస్తారో, ఈ మొండిమనిషి మళ్లీ ఒప్పుకుంటుందో లేదో. ఇక్కడేమో ఈ చీకటి ముక్కూమొహం తెలియని ఎందరికో ఏనాటికైనా మందు కావచ్చు. "నన్నెందుకు ఇరికించావురా దేవుడా!" అని చంటిపిల్లాడిలా బోరుమన్నాడు. ఆ క్షణాన లోకం మంచి ఆయనకి పట్టలేదు, భార్యే కావాలనిపించింది. మీట నొక్కేశాడు.

ఎలుకలు ఉలిక్కిపడి పొట్టులోకి దూరాయి. "తప్పయిపోయిందిరా నాయనా" అని వాటికే చెప్పుకుని, అరలోంచి ఫోను లాక్కుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

ఆవిడ చక్రాల మంచం మీద కూర్చుని నర్సుతో ఇంకా పోట్లాడుతోంది. ఈయన్ని చూడగానే మొహం విప్పారింది. "అదుగో, వస్తారని చెప్పలా? అబ్బబ్బ, ఆ చెమటలేంటండీ, ఈ వయసులో పరుగులా!"

తర్వాత పక్క మంచం మీది ముసలావిణ్ణి చూపించి గొంతు తగ్గించింది. "ఏవండీ, ఈవిడా నాలాగే కోత వద్దని మంకుపట్టు పట్టింది. మీ మందు సంగతి చెప్పాను. ఇందాకే ఒప్పుకుంది." అంతటితో నర్సుకేసి తిరిగి, "ఇక పదమ్మా, ఇంతసేపూ గోల చేశావుగా" అంటూ నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది.

ఆయన జేబులో ఫోను మోగింది. మేడమ్. ఆయన తీయలేదు.

ముసలావిడ లేవబోయి, లేవలేక, ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ మందు నాకూ ఇప్పిస్తావా నాయనా?"

నిజం గొంతుదాకా వచ్చింది. చెబితే ఈవిడ లేచి ఇంటికి పోతుంది.

"ఇప్పిస్తానమ్మా" అన్నాడు.

ఆవిడ అమ్మయ్య అనుకుని కళ్లు మూసుకుంది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.