మంచు లోయ మీద వినిపించిన తెలుగు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మా నాయన ఆళ్లగడ్డలో బడిపంతులు. మా ఇంట్లో ప్రార్థన తప్ప తాయెత్తులూ దిష్టి తీయడాలూ ఎరగం. ఇప్పటికీ నమ్మను. అయినా ఎనభైల మొదట్లో జరిగిన ఈ సంగతి ఎటూ తేలలేదు.

అప్పుడు నేను సైన్యం సరుకుల విమానంలో పనిచేసేవాణ్ణి. చలికాలంలో దారులు మూసుకుపోయిన హిమాలయాల ఊళ్లకు బియ్యం, పప్పు, మందులు పైనుంచి జారవిడవడం మా పని. పైలట్ గంట కొట్టగానే వెనక తలుపులోంచి మూటలు తోయాలి. బియ్యం మూటలకు పారాచూట్లు ఉండవు. కింద మనిషి ఉంటే బతకడు.

రోజూ అదే తెలుపు, అదే హోరు. నడుము అరిగిపోయినట్టుండేది. తోడుగా నంద్యాల మస్తాన్ ఉండేవాడు. ఇద్దరం తెలుగులో తిట్టుకుంటూ మోసేవాళ్లం. ఆ చలికాలం వాడు సెలవు మీద ఇంటికి పోయాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం లోయంతా మబ్బు కమ్మింది. గంట మోగింది. మూట మీద చెయ్యి వేశాను. చెవి పక్కనే మస్తాన్ గొంతు.

"తోయొద్దప్పా. ఆడ పిల్లోళ్లుండారు."

నా చేతులు ఆగిపోయాయి. పక్కనున్న పంజాబీ జవానునూ ఆపాను. ఆ విమానంలో నాకు తప్ప ఎవరికీ తెలుగు రాదు.

పెట్రోలు దండగైందని పైలట్ మండిపడ్డాడు. చుట్టు తిరిగి వచ్చేసరికి మబ్బు కాస్త విడింది. మూటలు పడాల్సిన చోట ఆడవాళ్లు, పిల్లలు నిలబడి పైకి చూస్తున్నారు. ఆ సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా పడుకున్నాను.

వేసవిలో సెలవు దొరికి, ఆళ్లగడ్డకు పోతూ నంద్యాలలో దిగాను. చలికాలంలో పట్టిన టైఫాయిడ్ నుంచి ఇంకా తేరుకోక మస్తాన్ చిక్కి సగమై ఉన్నాడు. నేనేమీ అడగకముందే వాళ్లమ్మ చెప్పింది.

"జొరంలో నీ పేరు పెట్టి అరిసినాడు నాయనా. సలికాలంలో ఒగ శుక్రారం మద్యాన్నం, అందరూ జుమ్మా నమాజుకు పోయినారు, నేనొగదాన్నే ఉండా. లేసి కూచోని, తోయొద్దప్పా, ఆడ పిల్లోళ్లుండారు అంటాడు. యాడరా అంటే పలకడు."

మస్తాన్‌ను అడిగాను.

"నాకేం గుర్తులేదప్పా. ఎందుకడుగుతాండావ్?"

జరిగింది చెప్పాను.

"పిల్లోళ్లకేం కాలేదు కదా?"

కాలేదన్నాను. కళ్లు మూసుకున్నాడు.

తర్వాత కొన్నేళ్లు మళ్లీ కలిసే మూటలు తోశాం. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. జ్వరం పలవరింతల్లో పని మాటలు రావడం మామూలే అని సర్దిచెప్పుకుంటాను. కానీ అంత హోరులో నా చెవిన పడ్డది ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు.