మస్తానక్క ఎత్తుకోని మనవడు

ఈ బరువు గుండెల మీద పెట్టుకుని చాలా ఏళ్లయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకటి రెండుసార్లు మా ఆయనకు చెప్పబోయి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే ఇప్పుడు నోరు విప్పుతున్నాను. ఒక మనిషికి అన్యాయం చేశాను. ఆమె ఇప్పుడు లేదు.

మాది జమ్మలమడుగు. రోజూ బస్సులో ప్రొద్దుటూరు వెళ్లి, అక్కడొక చిన్న ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. మస్తాన్‌బీ అక్కడ ఆయా. వయసులో నాకంటే చాలా పెద్దది, అయినా అందరిలాగే నేనూ మస్తానక్కా అనేదాన్ని. ఆమె నన్ను పాపా అనేది. నేను బస్సు దిగి వచ్చేసరికి నా కుర్చీ తుడిచి, టీ గ్లాసు మీద సాసరు మూత పెట్టి ఉంచేది. తీరిక దొరికితే కువైట్‌లో ఉన్న కొడుకు కబుర్లు చెప్పేది.

ఒక ఏడాది మా దగ్గర ఆపరేషన్ అయినవాళ్లకు వరసగా కుట్లు చీము పట్టసాగాయి. చీములో దొరికింది స్టాఫ్ అనే సూక్ష్మజీవి. మామూలు స్టాఫ్ చాలామంది ముక్కుల్లో ఊరికే ఉంటుంది, ఏమీ చేయదు. ఇది మాత్రం మందులకు లొంగని రకం. మెక్-ఏ అనే జన్యువు ఉన్న స్టాఫ్ మీద మేము రోజూ వాడే మందులు పనిచేయవు. సిబ్బందిలో ఎవరి ముక్కులోంచో వస్తోందని డాక్టరుగారికి అనుమానం వచ్చింది. అందరి ముక్కుల్లోంచి దూదిపుల్లతో నమూనాలు తీయమన్నారు. తీసింది నేనే. నాది కూడా తీసుకున్నాను. నాలో ఏముంటుందిలే అనుకుంటూ తీసుకున్నాను.

నమూనాలు పూసి పెట్టిన ప్లేట్లలో ఇద్దరివాటిలోనే స్టాఫ్ పెరిగింది. మస్తానక్కది, నాది. ఆమె ప్లేటులో మందుబిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఉంది. అంటే మందుకు లొంగే రకం, భయపడాల్సింది లేదు. నా ప్లేటులో వలయం లేదు. బిళ్ల అంచుదాకా తోసుకొచ్చి పెరిగింది.

చెప్పాలి కదా? చెప్పేస్తే అయిపోయేది. ముక్కులో కొన్నాళ్లు ఆయింట్‌మెంటు రాసుకుంటే చాలావరకు పోయేదే. కానీ మాస్కు ముక్కు కిందికి జారిందని ఆయాల మీద అరిచేది నేనే. చేతులెలా కడుక్కోవాలో అందరినీ నిలబెట్టి చూపించింది నేనే. మనుషులు తక్కువైన రోజుల్లో డ్రెస్సింగ్‌కు సాయం వెళ్లి, ఉక్కకు ఓర్చుకోలేక మాస్కు కిందికి లాగి, పచ్చి కుట్ల మీదికి వంగి రోగులతో కబుర్లాడిందీ నేనే. ఇక అక్కడ ఎవరి ముందూ తలెత్తుకోలేననిపించింది. జన్యువు ఉందో లేదో తేల్చడానికి మా ఇద్దరి ప్లేట్లలో పెరిగినదాన్ని ట్యూబుల్లోకి తీసి పెద్ద ల్యాబుకు పంపాలి. పేర్ల చీటీలు అంటించేటప్పుడు ఆమె పేరు నా ట్యూబుకు, నా పేరు ఆమె ట్యూబుకు అంటించాను.

అప్పుడు ఏమనుకున్నానో బాగా గుర్తుంది. ఆమెకేం పోతుంది, ఆయింట్‌మెంటే కదా అనుకున్నాను. అంతేనా? ఆయా ముక్కులో ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరులే అని కూడా అనుకున్నాను. ఈ రెండో మాట నాకు నేను ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది.

మస్తాన్‌బీకి ఆ జన్యువు ఉందని ఫలితం వచ్చింది. ఆసుపత్రివాళ్లు చేతిలో ఒక ఆయింట్‌మెంటు పెట్టి ఆమెను పనిలోంచి తీసేశారు. ఇంత పని జరుగుతుందని నేను అనుకోలేదు, కానీ జరిగాక కూడా నోరు విప్పలేదు. ఆ రోజుల్లోనే నేను ఇంట్లో తలుపేసుకుని అదే ఆయింట్‌మెంటు నా ముక్కులో రాసుకున్నాను. కుట్లు చీము పట్టడం ఆగిపోయింది. చూశారా, ఆమె పోయింది, పీడ పోయింది అన్నారందరూ. నేనూ తలూపాను.

కొన్ని నెలల తర్వాత ఆమె వచ్చి మళ్లీ పరీక్ష చేయమంది. ఫలితం కోసం వచ్చిన రోజు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం బయటే నిలబడింది.

“పులివెందులలో కోడలు కాన్పయింది పాపా. మనవడు. చూసేకి పోతాండా. నాకు అది పోయిందా, లేదా?”

“పోయిందక్కా. ఏమీ లేదు.”

“పోయిందంటే మళ్లా రాదా?”

నిజంగా ఉన్నవాళ్లకైతే మళ్లీ రావచ్చు. లేనివాళ్లకు ఆ ప్రశ్నే లేదు. నీకది ఎప్పుడూ లేదక్కా అని ఒక్క మాట అనాలి.

“కొందరికి మళ్లీ వస్తుంది,” అన్నాను.

“నెత్తుటి గుడ్డు పాపా వాడు. నాది వానికి అంటుకుంటే యాడ పెట్టుకోవల్ల ఆ పాపం? దూరం నుంచే చూసి వస్తాలే. ఈ సంగతి మా కోడలికి తెలీనీయొద్దు. వాళ్ల పుట్టింటోళ్లు శానా చులకన చేస్తారు.”

“నీ ఇష్టం అక్కా,” అన్నాను. మైక్రోస్కోపులో కన్ను పెట్టి అన్నాను. దాని కింద స్లైడు కూడా లేదు.

ఆ తర్వాత కూడా పులివెందుల వెళ్లే ముందు ఆమె పరీక్షకు వచ్చేది. ఏమీ లేదనే చెప్పేదాన్ని. మళ్లా రాదా అని అడిగేది. నేను తర్వాతి నమూనా అందుకునేదాన్ని. దేవుడా, ఎన్నిసార్లు అవకాశం ఇచ్చింది నాకు!

మస్తానక్క పోయిందని తెలిసి వాళ్లింటికి వెళ్లాను. కోడలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏడ్చింది. కొడుకు ఆ అమ్మాయిని తానే ఇష్టపడి చేసుకున్నాడట. “మా పెండ్లి అత్తకు ఇష్టంల్యాకపాయ మేడం. అందుకే వీణ్ని ఒక్కసారన్నా ఒళ్లోకి తీసుకోల్యా. నా కడుపున పుట్టిన పాపానికి వీడు కూడా ఆమెకు కానోడైనాడు,” అంది. నిజం గొంతుదాకా వచ్చింది. మంచినీళ్లు ఇచ్చారు. తాగి వచ్చేశాను.

పులివెందుల బస్సు రోజూ నా కళ్ల ముందు నుంచే పోతుంది. ఎక్కి వెళ్లి ఆ తల్లికి చెప్పవచ్చు. ఎక్కుతానని మీకు మాట ఇవ్వలేను, నా పిరికితనం నాకు తెలుసు. నన్ను క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో పని కాదు. ఇంతమాత్రం చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.

ఆ జన్యువు నా ముక్కులోది. మస్తానక్కకు అది ఎప్పుడూ లేదు. వాణ్ణి చూసిన మొదటి రోజే ఆమె ఎత్తుకున్నా ఏమీ అయ్యేది కాదు.