తూర్పు మూలలో కదలని రాయి

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో, జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలోని ఒక సున్నపురాయి గనిలో మైన్స్ ఫోర్‌మన్‌గా చేరాను. గనిలో మేనేజరు తర్వాతి బాధ్యత ఫోర్‌మన్‌దే. రాయిలో వరుసగా వేసిన రంధ్రాల్లో మందు కూరి పేల్చేవాడు బ్లాస్టర్. పేలిన చోటికి మనుషుల్ని, యంత్రాల్ని వదలవచ్చా లేదా అని తేల్చవలసింది ఫోర్‌మన్.

చేరిన కొద్ది నెలలకే ఆ ఉద్యోగం మానేయాలనుకున్నాను. కారణం భయం. నా తోటివాళ్లు పొగ పూర్తిగా విడవకముందే కబుర్లాడుకుంటూ గనిలోకి దిగేవాళ్లు. నేను ప్రతి అంచునూ రెండుసార్లు చూస్తే గానీ కదిలేవాణ్ణి కాదు. ప్రొద్దుటూరులో బట్టల దుకాణం ఉన్న మా బావ వచ్చి గల్లాలో కూర్చోమంటున్నాడు. నెలాఖరుకు వస్తానని మాట కూడా ఇచ్చాను.

ఆ మాట ఇచ్చిన వారంలోనే ఒక మధ్యాహ్నం షాట్ పేల్చాం. దుమ్ము అణిగాక పై అంచు మీద నిలబడి చూశాను. మందు సరిగా పేలితే రాయి ముందుకు దూకి కుప్పగా పడాలి. తూర్పు మూలలో మాత్రం రాయి బీటలు వారి ఉన్నచోటే నిలబడింది. అక్కడొక రంధ్రం పేలకుండా మిగిలితే, అందులో మందు బతికే ఉన్నట్టు. దాన్ని మిస్‌ఫైర్ అంటాం. రాయి తవ్వే ప్రొక్లైన్ యంత్రం పళ్లు తగిలితే చాలు, ఆపరేటర్ మిగలడు.

"అన్నీ పేలినాయి సార్, నా చెవులారా విన్నా" అన్నాడు బ్లాస్టర్ నాగరాజు.

ప్రొక్లైన్ ఆపరేటర్ ఖాజా అప్పటికే సీట్లో ఉన్నాడు. "టిప్పర్లు ఎండలో నిలబడినాయి సారూ. ఏంది ఈ కత?"

మేనేజరు ఆ రోజు పులివెందులలో మీటింగులో ఉన్నారు. ఫోన్ చేసి చెప్పాను. బ్లాస్టరే పేలాయంటుంటే నీ అనుమానమేమిటని విసుక్కున్నారు. క్రషర్‌కు రాయి అందకపోతే జవాబు నువ్వే చెప్పుకోవాలన్నారు. ఆపైన నేరుగా ఖాజాకే ఫోన్ చేసి పని మొదలుపెట్టమన్నారు.

ఇంజిన్ మొదలైంది. నేను వెళ్లి బకెట్‌కు ఎదురుగా నిలబడ్డాను. రెండు చేతులూ అడ్డంగా చాపాను.

"జరుగు సారూ! మేనేజర్ సారే పొమ్మన్నాడు."

"ఆయన పులివెందులలో ఉండాడు ఖాజా. ఈడ ఉండేది నువ్వూ నేనూ. దిగప్పా."

"నీకు శానా బయం సారూ."

"అవును, బయమే. దిగు."

అతను ఏదో గొణుక్కుంటూ ఇంజిన్ ఆపేశాడు.

అనుమానం ఉన్న చోటికి ఫోర్‌మన్, బ్లాస్టర్ తప్ప మూడో మనిషి పోకూడదు. నిబంధన ప్రకారం ఆగవలసినంతసేపు ఆగి, నాగరాజూ నేనూ దిగాం. ఇనుము తగలనివ్వకుండా చేతులతోనే ఒక్కొక్క రాయీ పక్కకు పెట్టాం. అంతదాకా వాదించిన నాగరాజు అక్కడ నాకన్నా నెమ్మదిగా రాళ్లు తీశాడు. ఒక రాయి జారి దొర్లినప్పుడు ఇద్దరం చేతులు వెనక్కి లాక్కున్నాం.

చివరికి రంధ్రం కనిపించింది. అడుగు దాకా పగిలి ఉంది. మందు ఆనవాలు లేదు. పక్కనే రాళ్ల మధ్య ఎర్రమట్టి పొర ఉంది. పేలుడు బలమంతా ఆ మెత్తటి మట్టిలోంచి బయటికి పోయింది కాబట్టి రాయి ముందుకు దూకలేదు. అంతే. రంధ్రం పేలింది. నా అనుమానం తప్పు.

పైకి వచ్చేసరికి అందరూ ఎదురుచూస్తున్నారు.

"ఏం దొరికె సారూ?" అన్నాడు ఖాజా.

"మట్టి" అన్నాను. టిప్పర్ డ్రైవర్లు పగలబడి నవ్వారు. సాయంత్రం మేనేజరు తిరిగొచ్చి, సగం షిఫ్టు వృథా చేసినందుకు సంజాయిషీ రాసివ్వమన్నారు. రాసిచ్చాను.

ప్రొద్దుటూరు బస్సులో కూర్చున్నాక, సిగ్గుతో తల ఎత్తుకోలేననుకున్నాను. అలా జరగలేదు. రేపు ఆ మూల మళ్లీ ఇలాగే కనిపిస్తే ఏం చేస్తావని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. మళ్లీ అడ్డం నిలబడతాననే జవాబు తడుముకోకుండా వచ్చింది. నా అనుమానం నిజమై ఉంటే దాన్ని నా తెలివి అనుకుని పొంగిపోయేవాణ్ణి. తప్పని తేలాక కూడా మనసు మారలేదంటే, నేను ఉండవలసిన చోటు అదేనని అర్థమైంది.

దుకాణానికి రానని బావకు చెప్పాను.

"పిచ్చా నీకు? ఆ రాళ్లల్లో ఏముందప్పా?" అన్నాడు.

"బయపడేవాడొకడు ఉండాల బావా ఆడ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

తర్వాతి షాట్ నాడు దుమ్ము అణిగినా ఖాజా సీటెక్కలేదు. యంత్రం నీడలో కూర్చుని ఉన్నాడు. మేనేజరు ఎందుకాలస్యమని అరిస్తే, "ఫోర్‌మన్ సారు చూసి పైకి రానీ సార్" అన్నాడు.

మనిషి ఏ పనికి తగినవాడో అతని ధైర్యాన్ని చూసి చెబుతుంటారు. నా సంగతి నా భయం వల్ల తేలింది. దాన్ని వదిలించుకోవాలనే ప్రయత్నం ఆ ఏడాదే మానుకుని, అప్పటినుంచీ దానితోనే పని చేస్తున్నాను. ఆ తర్వాత కూడా అనవసరంగా పని ఆపించిన రోజులున్నాయి. ఒక్కదానికీ విచారించలేదు.